చిన్న ఊరి మురుగు కుంటల్ని బాగుచేయించాలంటే: ముందు కొలవండి, తర్వాత గీయండి, ఆ తర్వాత డబ్బు అడగండి

మురుగు కుంట వాసన కొడుతోందనో, కట్ట మీదదాకా నీళ్లొచ్చేస్తున్నాయనో, ల్యాబ్ రిపోర్టులో బీఓడీ (నీటిలోని మురుగుని కుళ్లబెట్టడానికి బ్యాక్టీరియాకి కావాల్సిన ఆక్సిజన్, అంటే మురుగు ఎంతుందో చెప్పే కొలత) ఎక్కువొచ్చి నోటీసొచ్చిందనో ఊళ్లో గొడవ మొదలవగానే ఎవరో ఒకరు ఏరేటర్లు (నీటిలోకి గాలి కలిపే మిషన్లు) పెట్టించేద్దాం అంటారు, ఇంకొకరు ఈ పాండ్లు మూసేసి కొత్త ప్లాంటు కట్టాలంటారు, ఈలోపు ఏదో కంపెనీ కొటేషన్ కూడా వచ్చేస్తుంది. అక్కడే ఆగండి. అసలు జబ్బేంటో తెలీకుండా మందు కొనేస్తే ఊరు ఇరవయ్యేళ్లు అప్పు కడుతూ ఉంటుంది, వాసన మాత్రం అలాగే ఉంటుంది. చిన్న ఊరికి మిషన్ల కంటే పాండ్లే నయం అని నా అభిప్రాయం, స్థలం ఉంటే మాత్రమే అనుకోండి. కరెంటు అక్కర్లేదు, రోజూ ఇంజనీరు అక్కర్లేదు, ఎండా గాలీ నాచూ బ్యాక్టీరియా కలిసి పని చేసిపెడతాయి. కానీ వాటిని బాగుచేయించడానికి ఒక వరస ఉంది.

ముందు కొలతలు

మొదట తెలుసుకోవాల్సింది రోజుకి ఎన్ని నీళ్లొస్తున్నాయో. అంచనా కాదు, కొలత. ఇన్లెట్ కాలవలో 90 డిగ్రీల వీ-నాచ్ పలక (V ఆకారంలో గాడి కోసిన పలక) ఒకటి బిగించి, దాని వెనక కాస్త ఎగువన నీటి మట్టం నాచ్ అడుగు నుంచి ఎంతుందో చూస్తే చాలు. మట్టం 10 సెంటీమీటర్లుంటే సుమారుగా సెకనుకి 4.4 లీటర్లు పోతున్నట్టు. మట్టం రెట్టింపైతే నీళ్లు రెట్టింపు కావు, అయిదున్నర రెట్లకి పైన అవుతాయి, అందుకని స్కేలు జాగ్రత్తగా చదవాలి. పగలు మాత్రమే కాదు, తెల్లవారుజామున మూడు నాలుగు గంటలప్పుడు కూడా చూడండి, ఆ టైంలో ఊరంతా నిద్రలో ఉంటుంది కదా, అప్పుడు కూడా ధారగా వస్తోందంటే అందులో చాలావరకు పగిలిన పైపుల్లోంచి లోపలికి ఊరుతున్న భూగర్భజలం, లేకపోతే ఎక్కడో కారుతున్న కుళాయిలు. వానాకాలంలో విడిగా కొలవాలి, వాన పడిన రోజు నీళ్లు మూడింతలైతే ఎక్కడో వాన కాలవ మురుగు పైపులో కలిసిందన్నమాట. ఇలాంటి చోట పాండు పెద్దది చేయడం దండగ, పైపు బాగుచేస్తే సగం సమస్య పోతుంది, అది చాలా తక్కువలో అయిపోతుంది కూడా.

రెండోది పూడిక. చాలా ఊళ్లలో పాండు చిన్నదైపోలేదు, నిండిపోయింది అంతే. చిన్న పడవలో ఇద్దరు వెళ్లి, లైఫ్ జాకెట్లు వేసుకునే లెండి, ఒక పొడవాటి గెడకి తెల్ల తువాలు గుడ్డ చుట్టి నిలువుగా అడుగుదాకా దించి మెల్లగా పైకి తీస్తే నల్లటి బురద ఎంతవరకు అంటుకుందో అదే పూడిక మందం. పాండుని గళ్లుగా విడగొట్టుకుని ప్రతి గడిలో ఒకసారి కొలవాలి, ఎందుకంటే ఇన్లెట్ దగ్గర గుట్టలా ఉండి చివర్న ఏమీ లేకపోవచ్చు. ఈ కొలతల నుంచి ఎన్ని ఘనపు మీటర్ల బురద ఉందో, నీటికి అసలు ఎంత చోటు మిగిలిందో తేలుతుంది.

మూడోది నీళ్లు పాండు లోపల ఎలా తిరుగుతున్నాయన్నది. కాగితం మీద 30 రోజులు నిలవుండాల్సిన నీళ్లు ఇన్లెట్ నుంచి ఔట్లెట్‌కి అడ్డదారిలో మూడ్రోజుల్లో వెళ్లిపోవడం మామూలే, ముఖ్యంగా ఇన్లెట్టూ ఔట్లెట్టూ ఎదురెదురుగా ఉండి గాలి కూడా అటే వీస్తుంటే. రంగు కలిపి వదిలి ఔట్లెట్‌లో ఎప్పుడు కనపడుతుందో చూస్తే తెలిసిపోతుంది.

వీటికి తోడు ఇన్లెట్ దగ్గరా ప్రతి పాండు ఔట్లెట్ దగ్గరా శాంపిళ్లు తీసి బీఓడీ, సస్పెండెడ్ సాలిడ్స్ (నీటిలో కరగకుండా తేలే సన్నటి మడ్డి), అమ్మోనియా, ఈ. కోలి (మలంలోంచి వచ్చే బ్యాక్టీరియా) చూపించండి, వీలైతే ఏడాది పొడుగునా, కనీసం చలికాలంలో ఒకసారి ఎండాకాలంలో ఒకసారి. పాండు రంగు కూడా చాలా చెప్తుంది. ఫ్యాకల్టేటివ్ పాండు (పైన నాచు ఇచ్చే ఆక్సిజన్‌తో, అడుగున ఆక్సిజన్ లేకుండా పనిచేసే కుంట) చిక్కటి ఆకుపచ్చగా ఉంటే బాగానే ఉన్నట్టు, గులాబీ రంగుకో ఊదా రంగుకో తిరిగిందంటే సల్ఫర్ బ్యాక్టీరియా పెరుగుతోంది, అంటే లోడు (కుంటలోకి వచ్చిపడే మురుగు) ఎక్కువైందని అర్థం.

డిజైన్ లెక్క ఎలా నడుస్తుంది

ఇంజనీరే చేస్తాడు ఇదంతా, కానీ ఊరి తరఫున కూర్చునేవాళ్లకి లెక్క ఎటు పోతోందో తెలియాలి, లేకపోతే ఎవరేం చెప్తే దానికి తలూపాల్సొస్తుంది. ఫ్యాకల్టేటివ్ పాండు సైజు ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది, అదీ ఏడాదిలో అన్నిటికంటే చల్లటి నెల సగటు మీద. ఇలాంటి పాండ్ల మీద పనిచేసిన ఇంజనీరు డంకన్ మారా ఇచ్చిన సూత్రం ప్రకారం 10 డిగ్రీల దగ్గర హెక్టారుకి రోజుకి సుమారు 100 కిలోల బీఓడీ వేయొచ్చు, 20 డిగ్రీల దగ్గర 253, 25 దగ్గర 350. అంటే చల్లటి ప్రాంతానికి వెచ్చటి ప్రాంతం కంటే మూడు రెట్లకి పైగా స్థలం కావాలి. పక్క దేశం డిజైన్ కాపీ కొట్టకూడదనేది ఇందుకే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 2,000 మంది ఊరు, మనిషికి రోజుకి 80 లీటర్ల మురుగు, 40 గ్రాముల బీఓడీ అనుకుందాం. రోజుకి 160 ఘనపు మీటర్ల నీళ్లు, 80 కిలోల బీఓడీ. చల్లటి నెలలో 20 డిగ్రీలైతే ఒక్క ఫ్యాకల్టేటివ్ పాండుతోనే సరిపెట్టాలంటే సుమారు 3,160 చదరపు మీటర్లు కావాలి, లోతు మీటరున్నర పెడితే నీళ్లు దాదాపు 30 రోజులు నిలుస్తాయి. ఇప్పుడు దానికి ముందు ఒక అనెరోబిక్ పాండు (ఆక్సిజన్ లేకుండా బ్యాక్టీరియా మురుగుని కుళ్లబెట్టే లోతైన కుంట) పెట్టామనుకోండి, 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకి రోజుకి 300 గ్రాముల లోడు వేయొచ్చు కాబట్టి 267 ఘనపు మీటర్లు చాలు, లోతుగా తవ్వుతాం కాబట్టి స్థలం పెద్దగా పట్టదు, అక్కడే 60 శాతం బీఓడీ పోతుంది. మిగిలిన 32 కిలోలకి ఫ్యాకల్టేటివ్ పాండు 1,265 చదరపు మీటర్లుంటే సరిపోతుంది. స్థలం సగానికంటే బాగా తగ్గిపోయింది, అందరూ సంతోషం.

కానీ ఇక్కడే అసలు మెలిక ఉంది. బురద మనిషికి ఏడాదికి 0.04 ఘనపు మీటర్లు పోగవుతుందని లెక్కేస్తారు, 2,000 మందికి ఏడాదికి 80. అనెరోబిక్ పాండు మూడో వంతు నిండేసరికి పూడిక తీయాలి, 267లో మూడో వంతు 89, అంటే దాదాపు ఏటా పూడిక తీయాలన్నమాట. ఒక్క ఫ్యాకల్టేటివ్ పాండే అయితే పదేళ్లో పదిహేనేళ్లో పట్టించుకోకపోయినా నడుస్తుంది. కాబట్టి ప్రశ్న స్థలం కొనడం కష్టమా, ఏటా పంపు పెట్టి బురద లాగించడం కష్టమా అన్నది. ఏటా పూడిక తీసే ఓపికా డబ్బూ లేని ఊరు అనెరోబిక్ పాండు పెట్టుకోకపోవడమే మంచిది, రెండో ఏడాదికి ఊరంతా ముక్కు మూసుకోవాల్సొస్తుంది. పెట్టుకునేట్టయితే జంటగా కట్టించుకోండి, ఒకటి శుభ్రం చేస్తుంటే ఇంకోటి నడుస్తుంది. ఇళ్లకి కనీసం 200 మీటర్లు, వీలైతే 500 మీటర్ల దూరంలో, గాలి ఊరి మీదకి వీచని వైపు ఉండాలి.

రోగక్రిముల్ని చంపడానికి మెచ్యూరేషన్ పాండ్లు (చివర్న ఉండే లోతు తక్కువ కుంటలు) కావాలి, ఆ నీళ్లు పొలానికి వాడేట్టయితే మరీను. ఇక్కడ ఒక పెద్ద పాండు కంటే వరసగా చిన్నవి చాలా మేలు. మారే (Marais) అనే ఇంజనీరు లెక్క ప్రకారం 20 డిగ్రీల దగ్గర ఒకే పాండులో 12 రోజులు నిలబెడితే బ్యాక్టీరియా 97 శాతం దాకా పోతుంది, అదే 12 రోజుల్ని నాలుగేసి రోజుల చొప్పున మూడు పాండ్లుగా విడగొడితే 99.9 శాతం దాటుతుంది. నీళ్లవే, రోజులవే, మధ్యలో రెండు కట్టలు వేసినందుకు అంత తేడా. కొత్త స్థలం లేని ఊరికి ఇదే మంచి మార్గం, ఉన్న పాండులోనే కట్టలో, లేకపోతే బాఫిల్ తెరలో (నీటికి అడ్డంగా కట్టే తెరలు) వేసి నీటిని వంకరటింకరగా తిప్పడం. పొలాలకి వాడే నీళ్ల గురించి డబ్ల్యూహెచ్ఓ 1989 మార్గదర్శకాల్లో లీటరుకి ఒకటికి మించి నులిపురుగు గుడ్లు ఉండకూడదనీ, పచ్చిగా తినే కూరగాయలకి పెట్టేట్టయితే 100 మిల్లీలీటర్లకి 1,000 ఫీకల్ కోలిఫారంలు (మలం కలిసిందని చూపించే బ్యాక్టీరియా) దాటకూడదనీ ఉండేది, 2006లో దాన్ని మార్చి మొత్తం రిస్కు చూసే పద్ధతి పెట్టారు. మీ చోట ఏ రూలు నడుస్తోందో డిజైన్ మొదలెట్టకముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి.

చిన్న వివరాల్లో చాలా ఉంది. ఔట్లెట్ దగ్గర నీళ్లు ఏ లోతు నుంచి తీస్తున్నామన్నది చూడండి, ఫ్యాకల్టేటివ్ పాండులో పైన నాచు ఒక పొరలా తేలుతుంటుంది కాబట్టి 60 సెంటీమీటర్ల కింద నుంచి తీస్తే బీఓడీ, సాలిడ్స్ తగ్గుతాయి, ఇది ఒక వంపు పైపుతో అయిపోయే పని. ఇంకా తగ్గాలంటే చివర్న రాళ్ల ఫిల్టర్ వేస్తారు. అమ్మోనియా రూలు గట్టిగా ఉంటే ఆ రాళ్ల ఫిల్టర్‌కి గాలి ఊదించాల్సొస్తుంది, అప్పుడు కరెంటు తప్పదు. నేల ఇసుక నేలైతే లైనర్ (నీళ్లు ఇంకకుండా అడుగున వేసే పొర) కావాలి, ముందే మట్టి పరీక్ష చేయిస్తే కాంట్రాక్టరు పని మధ్యలో అదనపు బిల్లు పెట్టే అవకాశం ఉండదు. కట్ట లోపలి వాలు ఒకటికి మూడు (ఎత్తు ఒకటైతే అడ్డం మూడు) పెట్టి, అలలు తగిలే చోట రాతి పరుపు వేయాలి, లేకపోతే కట్ట కోసుకుపోయి ఏదో ఒక వానకి గండి పడుతుంది, పైగా నీటి అంచున గడ్డి పెరిగితే దోమలు.

ఏరేటర్ల సంగతి. అయిదు కిలోవాట్ల ఏరేటర్ ఒకటి రోజంతా నడిస్తే 120 యూనిట్లు, ఏడాదికి 43,800. ఆ బిల్లు ఎవరు కడతారో ముందు పేరు రాయండి, ఆ తర్వాత మాట్లాడదాం. స్థలం బొత్తిగా లేకపోతే అవి అవసరమే, కాదనను. కానీ పూడిక తీయకుండా ఏరేటర్ పెట్టడం అంటే అడుగున ఉన్న బురదని కలిపి ఔట్లెట్‌లోకి పంపించడమే.

డబ్బు

ఇప్పుడు డబ్బు అడగొచ్చు. చాలామంది ముందు స్కీమ్ చూసుకుని దానికి తగ్గట్టు ప్రాజెక్టు అల్లుతారు, అలా చేస్తే ఊరికి కావాల్సింది కాకుండా స్కీమ్‌కి కావాల్సింది కడతారు. దేశాన్ని బట్టి దారులు వేరు. అమెరికాలో వ్యవసాయ శాఖ వాళ్ల రూరల్ డెవలప్‌మెంట్ విభాగం 10,000 జనాభా లోపు ఊళ్లకి 40 ఏళ్ల దాకా గడువుతో లోన్లిస్తుంది, కొంత గ్రాంటు కూడా కలుపుతుంది, 1987 చట్టంతో వచ్చిన క్లీన్ వాటర్ స్టేట్ రివాల్వింగ్ ఫండ్ తక్కువ వడ్డీకి ఇస్తుంది. ఇండియాలో 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో వాడకం నీళ్ల పనులకి మనిషికింత అని పరిమితి పెట్టారు, 5,000 వరకు జనాభా ఉంటే తలకి 280 రూపాయలు, దాటితే 660, అందులో 30 శాతం పంచాయతీ ఫైనాన్స్ కమిషన్ నిధుల నుంచి పెట్టుకోవాలన్నారు. ఇలాంటి పరిమితి ఉన్న చోట ఒక్క స్కీమ్‌తో మొత్తం పని అవదు, రెండు మూడు కలపాల్సిందే, అప్పుడు ఒక్కోదాని గడువు తేదీలు ఒక్కోలా ఉంటాయి, ఒకదాని డబ్బు ఇంకోదానికి మ్యాచింగ్‌గా (ఊరు పెట్టుకోవాల్సిన వాటాగా) చూపించొచ్చో లేదో కూడా ముందే అడగాలి.

ఎక్కడైనా సరే ఫైలులో ఉండాల్సినవి కొన్ని మారవు. పైన చెప్పిన కొలతలు, స్థలం కాగితాలు, ఊరి మీటింగు తీర్మానం, నోటీసు వచ్చుంటే దాని కాపీ. నోటీసు దాచిపెట్టకండి, చాలా చోట్ల అదే మీ ఫైలుని ముందుకి జరుపుతుంది. ఆపైన కనీసం మూడు ప్రత్యామ్నాయాలు, ఒకటి పూడిక తీసి పైపులు బాగుచేయడం, ఒకటి పాండ్లు పెంచి బాఫిల్స్ వేయడం, ఒకటి మిషన్ల ప్లాంటు, మూడింటికీ కట్టే ఖర్చు ఒక్కటే కాకుండా 20 ఏళ్ల కరెంటు, మనుషులు, పూడిక తీత, విడిభాగాలు అన్నీ కలిపి పక్కపక్కన పెట్టండి. కట్టడానికి చవగ్గా కనిపించేది నడపడానికి చవక కాకపోవచ్చు, ఆ పట్టికలోనే బయటపడుతుంది. అనుకోని ఖర్చులకి పదో పదిహేనో శాతం విడిగా చూపించండి. కొలతలకీ డీపీఆర్‌కీ (ప్రాజెక్టు పూర్తి వివరాల రిపోర్టు) కూడా ప్లానింగ్ గ్రాంటు దొరికే చోట్లు ఉంటాయి, ముందు అది అడగండి.

లోన్ తీసుకునేట్టయితే ఇంటికి నెలకి ఎంత పడుతుందో లెక్కేసి మీటింగులో చెప్పాల్సిందే. వాయిదా ఒక్కటే కాదు, దాంతో పాటు నడిపే ఖర్చు, పూడిక నిధి. ఈ పూడిక నిధి సంగతి ఎవరూ రాయరు, కానీ అది లేకపోతే పదేళ్ల తర్వాత మళ్లీ ఇదే గొడవ, మళ్లీ ఇవే కొటేషన్లు. విడిగా ఖాతా తెరిచి ఏటా కొంత అందులో వేసేట్టు తీర్మానం పెట్టండి, డబ్బిచ్చేవాళ్లకి కూడా అది చూస్తే ధైర్యం. బురద ఎక్కడికి పోతుందో, ఎండబెట్టే చోటెక్కడో, ఆ తర్వాత ఎవరు తీసుకెళ్తారో కూడా రాసి ఉండాలి.

మంజూరు కాగితం చేతికి రాకముందు పని మొదలెట్టొద్దు, ముందే ఖర్చుపెట్టిన దానికి చాలా స్కీములు డబ్బు తిరిగివ్వవు. పర్యావరణ అనుమతులకి పట్టే నెలలు కూడా క్యాలెండర్‌లో పెట్టుకోండి. మొత్తం డబ్బు రాకపోతే దశలుగా చేయండి, మొదటి దశలో పైపులూ పూడికా ఔట్లెట్ పైపూ, తర్వాత బాఫిల్స్, ఆఖర్న కొత్త పాండు. మొదటి దశ అయ్యాక మళ్లీ వీ-నాచ్ దగ్గరా ఔట్లెట్ దగ్గరా కొలిచి చూడండి, కొన్ని ఊళ్లకి మూడో దశ అవసరమే ఉండకపోవచ్చు, ఉన్నా ఎంత పెద్దది కావాలో అప్పటికి సరిగ్గా తెలుస్తుంది.