వీడియోలో డాక్టర్‌ని చూడటానికి రాష్ట్రం దాటాల్సి వస్తే: టెక్సాస్‌లో చట్టం మార్చమని అడిగే పద్ధతి

మా చిన్నవాడికి ఫిట్స్ వస్తాయి. ఓక్లహోమా సిటీలో ఉన్నప్పుడు ఒక న్యూరాలజిస్ట్ రెండేళ్లు చూసి మందుల డోసు కుదిర్చారు. ఫ్రిస్కోకి మారాక ఇక్కడ కొత్త డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి ఐదు నెలలు ఆగమన్నారు. ఈలోపు పాత డాక్టర్‌తో వీడియో విజిట్ పెట్టించుకున్నాను. కాల్ కలవగానే నర్సు అడిగింది: "ఇప్పుడు మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారు?" టెక్సాస్ అన్నాను. అంతటితో కాల్ ముగిసింది.

తర్వాతిసారి కారెక్కాం. డెంటన్ వెళ్లి ఐ-35 పట్టుకుని, గేన్స్‌విల్ మీదుగా రాష్ట్రాల సరిహద్దైన రెడ్ రివర్ వంతెన దాటి, ఓక్లహోమాలోని థాకర్‌విల్ దగ్గర ఒక గ్యాస్ స్టేషన్‌లో ఆపాం. వాడు వెనక సీట్లో కూర్చున్నాడు. ఫోన్‌ని ముందు సీటు హెడ్‌రెస్ట్‌కి రబ్బర్ బ్యాండ్లతో కట్టాను. పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. అదే డాక్టర్, అదే పిల్లవాడు. మేం ఏరు దాటాం, అంతే తేడా.

ఆ కాల్ వేళకి పేషెంట్ ఏ రాష్ట్రంలో ఉంటే, డాక్టర్‌కి మామూలుగా ఆ రాష్ట్రం లైసెన్స్ ఉండాలి. కోవిడ్ వచ్చిన 2020లో చాలా రాష్ట్రాలు దీన్ని సడలించాయి, తర్వాత ఆ సడలింపుని చాలావరకు తీసేశాయి. టెక్సాస్ కొంత ముందుకొచ్చింది. మొదటిసారి నేరుగా వెళ్లి కలవాలన్న షరతు 2017లో పోయింది. 2021లో రాష్ట్రాల మధ్య ఉన్న లైసెన్స్ ఒప్పందంలోనూ చేరింది. కానీ ఆ ఒప్పందంలో కూడా డాక్టర్ ప్రతి రాష్ట్రానికీ విడిగా లైసెన్స్ తీసుకోవాలి, విడిగా ఫీజు కట్టాలి. ఒక్క పిల్లవాడి కోసం ఏ డాక్టర్ అంత చేస్తారు?

అందుకే "టెలిహెల్త్ (ఫోన్‌లో, వీడియోలో వైద్యం) మెరుగుపరచండి" అని ఊరికే అడగకండి. ఫ్లోరిడా 2019లో చేసినట్టు, వేరే రాష్ట్రం డాక్టర్ పూర్తి లైసెన్స్ లేకుండా టెలిహెల్త్‌కి మాత్రం రిజిస్టర్ చేసుకునే వీలు ఇవ్వమనండి. ఆరిజోనా కూడా 2021లో ఇలాంటి చట్టమే తెచ్చింది.

ఎవరిని అడగాలి? మనవాళ్లు చాలామంది వాషింగ్టన్‌లో ఉండే కాంగ్రెస్ మెంబర్‌కి రాస్తారు. కానీ డాక్టర్ల లైసెన్స్ రాష్ట్రం చేతిలోది. టెక్సాస్ లెజిస్లేచర్ సైట్‌లో మీ ఇంటి అడ్రస్ కొడితే, 150 మంది హౌస్ సభ్యుల్లో మీవారెవరో, 31 మంది సెనేటర్లలో మీవారెవరో వస్తుంది. వాళ్లిద్దరితోనే పని.

సభ బేసి సంవత్సరాల్లో జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు నడుస్తుంది. అప్పుడు వెళ్తే ఎవరికీ తీరిక ఉండదు. ముందు ఏడాది వేసవిలోనే ఊళ్లో ఉన్న ఆఫీసుకి వెళ్లండి. సభ్యుడికి బదులు స్టాఫర్ (ఆ ఆఫీసు ఉద్యోగి) కలిస్తే నిరాశపడొద్దు. బిల్లుల పని చాలావరకు వాళ్లే చూస్తారు.

ఒక్క పేజీ తీసుకెళ్లండి. పైన మీ కథ నాలుగు లైన్లు, కింద ఏం మార్చాలో ఒక్క వాక్యం. నా పేజీకి థాకర్‌విల్ దగ్గర తీసిన ఫోటో జత చేశాను. స్టాఫర్ దాన్ని చాలాసేపు చూసి, "ఆ డాక్టర్ తప్పు చేస్తే ఎవరు పట్టుకుంటారు?" అని అడిగింది. ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, జవాబు సిద్ధంగా ఉంచుకోండి. ఫ్లోరిడాలో రిజిస్టర్ కావాలంటే సొంత రాష్ట్రంలో మచ్చలేని లైసెన్స్ ఉండాలి, మాల్‌ప్రాక్టీస్ (వైద్యంలో పొరపాట్లకి) ఇన్సూరెన్స్ ఉండాలి. అక్కడ ఆఫీసు తెరవకూడదు. తప్పు చేస్తే చర్య తీసుకునే అధికారం ఫ్లోరిడాకి ఉంది.

మాట్లాడటానికి సిటిజన్ కానక్కర్లేదు. హెచ్-1బి మీద ఉన్నా ఆ నియోజకవర్గంలో ఉండేవాళ్లే కదా. ఒక్క జాగ్రత్త: గ్రీన్ కార్డ్ కూడా లేనివాళ్లు ఎన్నికల చందా ఇవ్వకూడదు, అది చట్టవిరుద్ధం.

బిల్లు పెడితే హియరింగ్, అంటే కమిటీ ముందు విచారణ, ఆస్టిన్‌లో జరుగుతుంది. కొన్ని రోజుల ముందే కబురు తెలుస్తుంది కాబట్టి సెలవు సంగతి ఆఫీసులో ముందే చెప్పి ఉంచండి. కాపిటల్‌లో (లెజిస్లేచర్ భవనంలో) ఉన్న ట్యాబ్లెట్‌లో సాక్షిగా పేరు నమోదు చేసుకోవాలి. నేను ఒక టెలిహెల్త్ బిల్లు కోసం ఉదయం పదికి వెళ్తే రాత్రి ఎనిమిదిన్నరకి పిలిచారు. మాట్లాడటానికి మూడు నిమిషాలన్నది రెండు అయింది. కాబట్టి పిల్లవాడి సంగతితోనే మొదలుపెట్టండి, థాంక్యూలు చివర చెప్పొచ్చు. ఫోన్ ఛార్జర్, పులిహోర డబ్బా దగ్గరుంచుకోండి. వెళ్లలేనివాళ్లు హౌస్ కమిటీకి ఆన్‌లైన్‌లో కామెంట్ రాయొచ్చు.

కమిటీ దాటితే పనైపోయిందనుకోవద్దు. హౌస్‌లో బిల్లు చర్చకి ఎప్పుడు రావాలో చూసే క్యాలెండర్స్ కమిటీ తేదీ ఇవ్వకపోతే బిల్లు అక్కడే ఆగిపోతుంది. ఆ కమిటీకి ఫోన్లు చేయాల్సింది అప్పుడే, ఏప్రిల్, మే నెలల్లో. బిల్లు నంబరు, మీ జిప్ కోడ్, "ఈ బిల్లుకి తేదీ ఇవ్వండి" అన్న ఒక్క మాట. ఎవరూ ఎత్తకపోతే వాయిస్‌మెయిల్ పెట్టి, మర్నాడు మళ్లీ చేయండి.