ఊగే ఉయ్యాలను కదలని బల్లగా మార్చుకోవడం ఎలా

నల్గొండలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఇనుప స్టాండు ఉయ్యాల ఒకటి ఉంది, పిల్లలు చదువులకు హైదరాబాద్ వెళ్లాక దాని మీద కూర్చునేది మా నానమ్మ ఒక్కతే, అదీ భయంభయంగా. "గిది కుదురుగ ఉండదు బిడ్డా, ఎప్పుడో పడేస్తది" అని రోజూ అంటుంటే ఒక ఆదివారం గొలుసులను స్టాండు కాళ్లకు బైండింగ్ వైరుతో లాగి కట్టేశాను. ఊగడం మానేసి వణకడం మొదలుపెట్టింది. మీరు ఆ పని చేయకండి. బరువు గొలుసు మీద ఉన్నంతకాలం సీటు కదులుతూనే ఉంటుంది, కింది నుంచి మోసేది ఏదైనా ఉండాలి.

ముందు సీటు దించి పక్కన పెట్టండి, చెక్క సీటయితే మరీ ముఖ్యం, వెల్డింగ్ నిప్పురవ్వలు పడితే మచ్చలు పోవు.

తర్వాత నేల. ఎర్రదుబ్బ అయితే ఒక్కో కాలికి అడుగున్నర గుంత చాలు. రేగడి అయితే వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది, స్టాండు ఏటా ఓ పక్కకు ఒరుగుతుంది, అందుకని రెండున్నర అడుగులు తవ్వి అడుగున మొరం (గులకరాళ్లు కలిసిన గట్టి మట్టి) పోసి దిమ్మిసతో కొట్టి గట్టిపరచండి. స్టాండు కాళ్లనే గుంతలో దించితే ఎత్తు తగ్గి, లేచేటప్పుడు పై పైపు నెత్తికి కొడుతుంది, కాబట్టి గుంత లోతుకు తగ్గ పైపు ముక్కలు కాళ్లకు అతికించి దించండి. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపి పోసి, రసమట్టంతో స్టాండు ఒరగకుండా ఉందో లేదో చూసుకుని, వారం రోజులు తడపాలి.

ఇప్పుడు అసలు పని. కూర్చునే ఎత్తు మామూలుగా 17, 18 అంగుళాలు, మా నానమ్మకు 16 పెట్టాం, పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. అందులోంచి సీటు మందం, దాని కింద వచ్చే పైపు మందం తీసేసి, ఆ ఎత్తులో రెండు పక్కలా ముందు కాలికీ వెనక కాలికీ మధ్య అడ్డంగా ఒకటిన్నర అంగుళాల ఎల్ యాంగిల్ (ఇంగ్లీషు L ఆకారపు ఇనుప కమ్మీ) వెల్డింగ్ చేయించండి. వాటి మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు 40 మి.మీ. స్క్వేర్ పైపులు రెండు, 2 మి.మీ. మందంవి. వెనక పైపు అర అంగుళం కిందికి ఉంటే నడుముకు హాయి, వాన నీళ్లూ నిలవవు. స్టాండు జీఐ పైపుదైతే, అంటే తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప పైపుదైతే, అతికే చోట ఆ పూత గ్రైండర్‌తో గీకించాకే వెల్డింగ్, జింకు కాలిన పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

సీటును ఆ పైపుల మీద 10 మి.మీ. బోల్టులతో నాలుగు చోట్ల బిగించండి, వాషర్లు మరిచిపోవద్దు. వీపు ఆనే భాగం ఇన్నాళ్లూ గొలుసుల ఆసరాతో నిలబడి ఉంటే దానికి వెనక కాళ్ల నుంచి రెండు పట్టీలు తప్పనిసరి, మేము మొదట వదిలేశాం, నెలకే వంగింది.

ఇనుప పట్టీల సీటు మన ఎండాకాలంలో పెనమే. టేకు పట్టీలు వేయించుకోండి, మధ్యలో చిటికెన వేలు దూరేంత సందు వదిలి. తుప్పును ఉప్పు కాగితంతో రుద్ది, తుప్పు పట్టనివ్వని రెడ్ ఆక్సైడ్ రంగు ఒక పూత, అది ఆరాక ఎనామిల్ రెండు పూతలు.

గొలుసులు పాత సామాన్ల వాడికి ఇవ్వకండి. మావి ఇప్పుడు గేటుకు తాళం వేయడానికి పనికొస్తున్నాయి.