గిట్‌హబ్‌లో పెట్టిన ఎఫ్‌2 నోట్‌బుక్ మొండికేస్తే

రెండు మాత్రలు కరిగే తీరు ఎంత దగ్గరగా ఉందో చెప్పే ఎఫ్‌2 లెక్కను ఎక్సెల్ నుంచి పైథాన్ నోట్‌బుక్‌గా (కోడ్, ఫలితాలు ఒకేచోట ఉండే ఫైల్) మార్చి, కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టాను. దాన్ని బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ కొలాబ్‌లో తెరిచి వాడినవాళ్లకు ఎదురైన చిక్కులివి.

సమస్య: ఎఫ్‌2 115 వస్తోంది

ఇది నా చేతి తప్పే. రెండు మాత్రలూ అచ్చం ఒకేలా కరిగినా ఎఫ్‌2 100 దాటదు. ఎక్సెల్‌లో ఉత్త లాగ్ అంటే 10 ఆధారం. పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలో అదే మాటకు అర్థం సహజ సంవర్గమానం. ప్రతి పాయింట్ (కొలిచిన సమయం) దగ్గరా కరిగిన శాతాల తేడా 10 ఉంటే రావాల్సింది 49.9. అంటే 50 కింద, ఫెయిల్. నా నోట్‌బుక్ 114.9 చూపించింది!

లాగ్‌ను లాగ్10 చేస్తే సరిపోయింది. ఇప్పుడు ఇదే ఉదాహరణ ఫైల్ మొదట్లో ఉంది. ముందు అది నడిపి, 49.9 వచ్చాకే మీ డేటా ఎక్కించండి.

సమస్య: ఒకే డేటా, ఒకరికి పాస్, ఇంకొకరికి ఫెయిల్

కోడ్‌ను తిట్టకండి, పాయింట్లు లెక్కపెట్టండి. 10, 15, 20, 30 నిమిషాల దగ్గర తేడాలు 12, 13, 11, 3 అనుకుందాం. ఎఫ్‌2 48.8. 30వ నిమిషానికే రెండు మాత్రలూ 85 శాతానికి మించి కరిగిపోయాయి. 45, 60 నిమిషాలవి కూడా కలిపారనుకోండి, అక్కడ తేడాలు 1, 0 కాబట్టి 53.1కి ఎగబాకుతుంది. రెండూ 85 దాటాక ఒక్క పాయింటే తీసుకోవాలన్న నియమం ఉన్నది ఇందుకే. ఎవరూ కావాలని చేయరనే అనుకుందాం. అయినా ఆ కోత వాడేవాళ్ల చేతికి వదలకుండా కోడ్‌లోనే పెట్టేశాను.

సమస్య: మొన్నటిదాకా నడిచింది, ఇవాళ ఎర్రర్

కొలాబ్ లైబ్రరీలను తనంతట తానే కొత్త వెర్షన్లకు మారుస్తుంది. డిసల్యూషన్ ఎఫిషియెన్సీకి (కరిగే గ్రాఫ్ కింది వైశాల్యంతో వేసే లెక్క) వాడిన ట్రాప్జ్ అనే ఫంక్షన్ పాత పేరును సైపై అనే లైబ్రరీ 1.14 వెర్షన్‌లో తీసేశారు. ట్రెపిజాయిడ్ అని మార్చండి. వెర్షన్ నంబర్లు ఒక ఫైల్‌లో రాసి పెట్టండి.

సమస్య: అందరికీ కనిపిస్తోంది, వాడుకోవచ్చా?

లైసెన్స్ ఫైల్ లేకపోతే హక్కులన్నీ రాసినవాళ్లవే. ఎవరైనా వాడుకోవచ్చని చెప్పే ఎంఐటీ లైసెన్స్ చేర్చడం రెండు నిమిషాల పని.

సమస్య: బ్యాచ్ నంబర్ బయటపడింది

నోట్‌బుక్‌లో సెల్ (కోడ్ గడి) కింద అచ్చయిన పట్టికలో అది ఉండిపోతుంది. డిలీట్ చేసినా, పాత మార్పులన్నీ దాచి ఉంచే కమిట్ హిస్టరీలో దొరుకుతుంది. వెంటనే రిపోను (గిట్‌హబ్‌లో మీ ఫైళ్లున్న ఫోల్డర్) ప్రైవేట్ చేసి, హిస్టరీ నుంచి కూడా తుడిపించండి. ఇకమీదట అవుట్‌పుట్లన్నీ చెరిపాకే ఎక్కించండి. ఈలోగా ఎవరైనా కాపీ దించుకుని ఉంటే మాత్రం దానికి మందు లేదు.