అమ్మ విజయవాడలో, నాన్న డల్లాస్‌లో: పిల్లల ఉమ్మడి కస్టడీ ఒప్పందంపై సంతకానికి ముందు జాగ్రత్తలు

• "సెలవుల్లో పంపాలి" అని రాస్తే సరిపోదు. ఏ తేదీన పంపాలి, వెంట ఎవరు వెళ్లాలి, టికెట్ ఎవరు కొనాలి, ఫ్లైట్ రద్దయితే పోయిన రోజులు ఎప్పుడు సర్దాలి, అన్నీ రాయించండి. గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి.

• వీడియో కాల్ టైమ్ కూడా. డల్లాస్‌లో రాత్రి 8 అంటే ఇక్కడ చలికాలంలో ఉదయం 7:30, ఎండాకాలంలో 6:30. స్కూల్ బస్సు వచ్చే వేళ చూసుకోండి. దూరంగా ఉన్న తల్లి లేదా తండ్రి బిడ్డతో రోజూ 5–10 నిమిషాలైనా మాట్లాడాలని 2020లో సుప్రీంకోర్టే చెప్పింది.

• పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంటుందో తేల్చుకోండి.

• అక్రమంగా వేరే దేశానికి తీసుకెళ్లిన పిల్లల్ని వెనక్కి పంపించే 1980 హేగ్ ఒప్పందంలో భారత్ లేదు. అమెరికా కోర్టు ఆర్డర్ ఇక్కడ దానంతటదే అమలు కాదు. లాయర్ ఖర్చు ఎక్కువే అనిపించినా, అవే షరతులతో ఇక్కడి కోర్టులోనూ ఆర్డర్ తీసుకోండి.