సీటీసీకి వెళ్లే ముందు ఒక వాట్సాప్ మెసేజ్

కొత్త పీసీ కోసం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల మార్కెట్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో నాలుగు కొటేషన్లు తీసుకున్నా ఏది చవకో తేలదు. “16 జీబీ ర్యామ్, 550 వాట్స్ ఎస్‌ఎంపీఎస్” అని రాసి ఉంటుంది, మోడల్ ఉండదు.

ఇంట్లోనే ప్రతి పార్టుకీ పూర్తి మోడల్ నంబర్ రాసుకుని, అదే మెసేజ్ అన్ని షాపులకూ పంపండి. రేట్లు విడివిడిగా, జీఎస్టీతో కలిపి అడగండి. ఎస్‌ఎంపీఎస్ (పీసీలోని భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై) దగ్గర మాత్రం రాజీ పడొద్దు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వాట్స్ కూడి, ఇంకో 100 కలిపి, ఆ మొత్తం మీద మూడో వంతు ఎక్కువ ఉన్నది తీసుకోండి. కనీసం 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే రేటింగ్) ఉండాలి. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే మదర్‌బోర్డునీ దెబ్బతీయొచ్చు.

ర్యామ్, గ్రాఫిక్స్ కార్డుల రేట్లు త్వరగా మారతాయి. నిన్నటి కొటేషన్ పట్టుకెళ్తే కుదరకపోవచ్చు, బయల్దేరే ముందు మళ్లీ అడగండి.