ఊళ్లో అజాసైటిడిన్ సూది: జబ్బు మందుకు లొంగలేదనే ముందు చూడాల్సినవి

విశాఖలో ఎండీఎస్‌కో (ఎముక మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు), ఏఎంఎల్‌కో (ఒక రకం రక్త క్యాన్సర్) అజాసైటిడిన్ అనే మందు రాయించుకుని, డాక్టరు ఒప్పుకుంటే మిగతా కోర్సులు ఒడిశాలోని పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో వేయించుకునేవారి కోసం ఇది.

ముందు మందు పనితీరు. ఈ జబ్బులో కొన్ని జన్యువులు చెడిపోవు, మూతపడతాయి. వాటి మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పడతాయి. కణం చీలినప్పుడల్లా డీఎన్ఎంటీ1 అనే ఎంజైము ఆ గుర్తులను కొత్త కణానికి కాపీ చేస్తుంది. అజాసైటిడిన్ డీఎన్ఏలో దూరి ఆ ఎంజైమును పట్టేస్తుంది, కానీ కణం డీఎన్ఏ కాపీ చేసుకునే సమయంలోనే. ఆ రోజు చీలకుండా నిద్రలో ఉన్న కణం తప్పించుకుంటుంది. సూది మందు రక్తంలో గంటలోపే సగానికి పడిపోతుంది. అందుకే 28 రోజుల కోర్సులో 7 రోజులు వరుసగా సూది వేస్తారు. మందు ఆపితే గుర్తులు మళ్లీ వచ్చిపడతాయి. పండగకని, పొలం పనికని కోర్సు వెనక్కి జరిపితే నష్టం అక్కడే. ఆదివారం సూది వేసేవారు లేకపోతే 5 రోజులు వేసి, 2 రోజులు ఆపి, మళ్లీ 2 రోజులు వేసే పద్ధతి ఉంది. అది డాక్టరు చెప్పాలి, మనం కాదు.

మోతాదు శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 75 మి.గ్రా. ఎత్తు 160 సెం.మీ., బరువు 58 కిలోలైతే ఆ వైశాల్యం దాదాపు 1.6 చదరపు మీటర్లు, అంటే 120 మి.గ్రా. 100 మి.గ్రా. పొడి ఉన్న వయల్‌లో (చిన్న మందు సీసా) 4 మి.లీ. స్టెరైల్ వాటర్ కలిపితే మి.లీ.కి 25 మి.గ్రా. వస్తుంది. కాబట్టి 4.8 మి.లీ. కావాలి, రెండు వయల్స్ పడతాయి. 4 మి.లీ. దాటింది కనుక రెండు సిరంజీల్లో 2.4 చొప్పున, రెండు చోట్ల చర్మం కింద వేయాలి. పాత చోటికి కనీసం అంగుళం దూరం ఉండాలి. కలిపిన మందు పాలలా మసకగా ఉంటుంది. పాడైందని పారేయకండి, ఫిల్టరు చేయకండి. వేసే ముందు సిరంజీని రెండు మూడుసార్లు తలకిందులు చేసి, అరచేతుల మధ్య అర నిమిషం దొర్లించాలి, లేకపోతే మందు అడుగున పేరుకుంటుంది. కలిపాక బయట గంటలోపు వాడాలి. విశాఖలో కలిపించి బస్సులో తెచ్చుకోవడం వృథా. పొడి వయల్స్‌ను ఎండ తగలకుండా తెచ్చుకోవచ్చు. నర్సు గ్లౌజులు తప్పనిసరి.

మొదటి రెండు కోర్సుల్లో రక్తకణాలు పడిపోతే జబ్బు మందుకు లొంగలేదని కాదు. అజాసైటిడిన్ ఒక్కటే అయితే ఫలితానికి కనీసం 4 నుంచి 6 కోర్సులు చూస్తారు. దానితో పాటు వెనెటోక్లాక్స్ అనే మాత్ర కూడా ఉంటే మొదటి కోర్సు చివరే ఎముక మజ్జ చూస్తారు.

నిజంగా లొంగకపోతే కారణాలు వేరు. అజాసైటిడిన్ పనిలోకి రావాలంటే కణంలో యూసీకే2 ఎంజైము దానికి ఫాస్ఫేటు తగిలించాలి. అది తగ్గితే మందు లోపలికి వెళ్లినా పనికిరాదు. ఇలాంటిదే అయిన డెసిటబిన్ అనే మందుకు ఈ పని చేసేది డీసీకే అనే వేరే ఎంజైము. వెనెటోక్లాక్స్ కణాన్ని బతికించే బీసీఎల్2 అనే ప్రోటీనును అడ్డుకుంటే, కణం అలాంటిదే అయిన ఎంసీఎల్1 మీద బతుకుతుంది. టీపీ53 అనే జన్యువులో మార్పు ఉంటే జబ్బు లొంగినా ఎక్కువకాలం నిలవదు. కాబట్టి జబ్బు తిరగబడితే మజ్జతో పాటు జన్యు పరీక్ష మళ్లీ చేయిస్తారా అని అడగండి. బరంపురంలో చేయించినవైనా సరే, సీబీసీ (రక్తకణాల లెక్క) కాగితాలన్నీ తేదీల వారీగా తీసుకెళ్లండి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి బయల్దేరాలి.