కథ రాయడం నేర్చుకుందాం – ఆరో పాఠం: గురువుకు ఎదురు నిలిచిన శిష్యుడు

కిందటి పాఠంలో ఇద్దరు దాయాదుల మధ్య పొలం గొడవ రాశాం. ఇద్దరికీ ఒకే గట్టు కావాలి కాబట్టి ఎవరి మనసులో ఏముందో వెతుక్కునే పని పడలేదు. ఈసారి కాస్త కష్టమైనది తీసుకుందాం. అన్నీ పోగొట్టుకున్న వీరుడు చాలా ఏళ్లకు మళ్లీ ఆయుధం పట్టాడు. ఎదురుగా ఉన్నది ఆ ఆయుధం పట్టడం నేర్పిన గురువే. ఇతనికి నిజంగా పోరాడాలని ఉందా? పాత్రకు ఈ సంగతి తెలియకపోయినా ఫర్వాలేదు. రాసేవాళ్లకు తెలియకపోతే మాత్రం సన్నివేశం నిలబడదు.

కొత్తగా రాసేవాళ్లు ఇక్కడ చేసే పని ఒకటుంది. "గురువుగారూ, మీ మీద చెయ్యెత్తడం నాకిష్టం లేదు, కానీ తప్పడం లేదు" అని శిష్యుడి చేత అనిపించేస్తారు. పాఠకుడు ఆ మాట చదువుతాడు కానీ నమ్మడు. ఎందుకంటే లోపల కసి నిండా ఉన్నవాడైనా గురువు ముందు మర్యాదకు అదే మాట అంటాడు. అంటే ఆ మాటను బట్టి ఏదీ తేలదు. మరి దేన్ని బట్టి తేలుతుంది? దీనికి మనకు విరాటపర్వాన్ని మించిన పాఠ్యపుస్తకం లేదు. నన్నయ అరణ్యపర్వంలో ఆపిన భారతాన్ని తిక్కన అందుకున్నది ఈ పర్వంతోనే. వానలు పడకపోతే మన ఊళ్లలో విరాటపర్వం చదివించే ఆచారం ఉంది కాబట్టి కథ మీలో చాలామందికి విన్నదే. ఈసారి కథ కోసం కాకుండా, అర్జునుడి చేతులు ఏం చేస్తున్నాయో చూడటం కోసం చదవండి.

ముందు అతను ఎక్కడిదాకా పడిపోయాడో గుర్తు చేసుకుందాం. పన్నెండేళ్లు అడవి, ఒక ఏడాది అజ్ఞాతవాసం. గాండీవం పట్టిన చేతులకు గాజులు తొడుక్కుని, జడ వేసుకుని, బృహన్నల పేరుతో విరాటుడి కూతురికి ఆట నేర్పుతున్నాడు. కౌరవులు ఆవుల్ని తోలుకుపోతుంటే ఉత్తరుడికి సారథిగా బయల్దేరాడు. సేనను చూసి ఉత్తరుడు రథం దిగి పారిపోతే, వెంటపడి పట్టుకొచ్చాడు. జమ్మిచెట్టు మీద దాచిన ఆయుధాలు దింపించాడు. దసరాకి మనం జమ్మి దగ్గరకు వెళ్లినప్పుడు తలుచుకునే ఘట్టం అదే. ఇప్పుడు సారథి మారాడు. ఉత్తరుడు పగ్గాలు పట్టుకుంటే అర్జునుడు విల్లు పట్టుకున్నాడు.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవాలి. ఎదుటి సేనలో ఏ జెండా ఎవరిదో అర్జునుడు ఉత్తరుడికి చెబుతాడు. బంగారు కమండలం గుర్తున్న జెండా ద్రోణుడిది. ఆయన నాకు ఎప్పుడూ పూజ్యుడు, ఆయన రథానికి ప్రదక్షిణంగా పోనివ్వు అంటాడు. ఆ వెంటనే ఇంకో మాట అంటాడు: ద్రోణుడు ముందుగా నా ఒంటి మీద కొడితేనే నేను ఆయన్ని కొడతాను, అప్పుడు ఆయనకు కోపం రాదు.

ఈ మాట ఎవరితో అంటున్నాడో గమనించండి. ద్రోణుడితో కాదు. నిన్నటిదాకా తనను ఆట నేర్పే బృహన్నలగా మాత్రమే ఎరిగిన ఒక కుర్రాడితో అంటున్నాడు. అక్కడ మర్యాద చూపించుకోవలసిన అవసరం లేదు, మెప్పించవలసిన మనిషీ లేడు. అందుకే ఈ మాటకు నేను విలువిస్తాను. పాత్ర మనసు పాఠకుడికి తెలియాలంటే ఎదుటివాడితో మాట్లాడించకండి. ఆ గొడవతో సంబంధం లేని మూడో మనిషితో, ఏదో పని చెబుతున్నట్టుగా మాట్లాడించండి. రథం ఎటు తోలాలో చెప్పే మాటలోనే గురువు మీద భక్తీ ఉంది, యుద్ధానికి సిద్ధపడటమూ ఉంది. రెండూ ఒకే వాక్యంలో ఇమిడాయి.

ఇక బాణాల సంగతి. పోరు మొదలవుతుండగా రెండు బాణాలు వచ్చి ద్రోణుడి పాదాల దగ్గర పడతాయి. ఇంకో రెండు ఆయన చెవుల్ని తాకీ తాకనట్టు దాటిపోతాయి. ద్రోణుడికి వెంటనే అర్థమైంది. అడవిలో ఉండి వచ్చిన పార్థుడు నాకు నమస్కరిస్తున్నాడు, నా చెవి దగ్గర కుశలం అడుగుతున్నాడు అంటాడు. శిష్యుడు నోరు విప్పలేదు. కానీ ఆ నమస్కారం ఎలాంటిదో చూడండి. చెవిని ఆనుకుని బాణం పోనివ్వాలంటే ఎంత గురి ఉండాలి? ఒక్క వేలెడు తప్పితే గురువు ప్రాణం పోతుంది. వినయం చూపిస్తూనే, మీరు నేర్పిన విద్య నా చేతిలో ఎంత పదును తేలిందో చూడండి అంటున్నాడు. సన్నివేశానికి ప్రాణం ఇక్కడ ఉంది. దించిన తలలోనే ఉంది గర్వం కూడా.

ఎదురుపడ్డాక అర్జునుడు తన పక్షం చెప్పుకుంటాడు. అడవిలో ఉండి వచ్చాం, మాకు జరిగినదానికి బదులు తీర్చుకోవాలనుకుంటున్నాం, మా మీద మీకు కోపం తగదు, మీరు ముందు కొట్టాకే నేను కొడతాను అంటాడు. ద్రోణుడు ఇరవైకి పైగా బాణాలు వేస్తాడు. ఆ తర్వాత అర్జునుడు చేతులు కట్టేసుకోలేదు. ఓడిపోయినట్టు నటించలేదు. చివరికి ద్రోణుడి కవచం తెగింది, జెండా తెగింది. అశ్వత్థామ అడ్డు వచ్చినప్పుడు అర్జునుడు అతని వైపు తిరిగి, గురువు తప్పుకుని వెళ్లడానికి దారి ఇచ్చాడు. ఎంత గట్టిగా కొట్టాడన్నదాన్ని బట్టి కోరిక తేలదు. దారి ఇచ్చాడా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. మెతకగా పోరాడే శిష్యుణ్ని రాస్తే గురువునే చిన్నబుచ్చినట్టవుతుంది. పూర్తి బలంతో పోరాడి, ఆఖరి క్షణంలో పక్కకు జరిగే శిష్యుణ్ని రాయండి.

మరి అర్జునుడికి ఏం కావాలి? నా మటుకు నేను చెబుతాను, మీరు ఒప్పుకోకపోవచ్చు. గురువు తనను చూడాలి. అంతకుముందు ద్రోణుడు ఈ శిష్యుణ్ని చూసింది జూదపు సభలో. అన్నగారు ఓడిపోతే అయిదుగురూ పైవస్త్రాలు తీసి పక్కన పెట్టి కూర్చున్నారు. ద్రౌపది వస్త్రం లాగుతుంటే ద్రోణుడు ఆ సభలోనే ఉన్నాడు, మాట్లాడలేదు. తర్వాత జింకచర్మాలు కట్టుకుని వాళ్లు అడవికి వెళ్లిపోయారు. మళ్లీ ఎదురుపడటం ఇదిగో, ఈ యుద్ధభూమిలోనే.

ఇప్పుడు అదే యుద్ధం చివరికి రండి. అర్జునుడు సమ్మోహనాస్త్రం వేస్తాడు, కౌరవులు తెలివి తప్పి పడిపోతారు. బయల్దేరేటప్పుడు రాకుమారి ఉత్తర, భీష్మద్రోణుల్ని గెలిచి మా బొమ్మలకు మంచి బట్టలు తెమ్మని అడిగింది. అది గుర్తొచ్చి అర్జునుడు ఉత్తరుణ్ని పంపుతాడు. కర్ణుడిది పచ్చబట్ట, అశ్వత్థామ దుర్యోధనులవి నీలిబట్టలు, కృపుడిదీ ఆచార్యుడిదీ తెల్లబట్టలు తెమ్మంటాడు. భీష్ముడి దగ్గరకు మాత్రం పోవద్దంటాడు, ఆయనకు ఆ అస్త్రం విరుగుడు తెలుసు కాబట్టి. పాదాల దగ్గర బాణం వేసి నమస్కరించినవాడే ఆ గురువు ఒంటి మీద బట్ట తెప్పించాడు. సభలో పోయిన బట్టలకూ, ఇక్కడ తీసుకున్న బట్టలకూ ముడిపెట్టి వ్యాసుడు ఒక్క మాట కూడా చెప్పడు. ముడిపెట్టింది నేను. కానీ ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు మాత్రం శిష్యుడి మనసులోని మంట అక్కడే కనిపిస్తుంది. గురువును చంపాలని లేదు, ఓడించి నవ్వాలనీ లేదు. ఆ రోజు మీరెందుకు ఊరుకున్నారు అని అడగాలని ఉంది. అడగలేడు. చిన్నపిల్ల బొమ్మల సాకు దొరికింది.

ఈ పాఠంలో మీరు పట్టుకోవలసిన మెలకువ ఇదే. పోరాడాలని ఉందా లేదా అని అడిగితే అవునని గానీ కాదని గానీ ఒక్క జవాబే వస్తుంది, దాంతో పాత్ర అట్టముక్కలా తయారవుతుంది. గురువు దగ్గర ఇతనికి రావలసినదేమిటి, బాకీ ఉన్నదేమిటి అని అడగండి. అప్పుడు పాత్ర మాట వినడం మొదలుపెడుతుంది.

బాకీ సంగతి ఆదిపర్వంలో ఉంది, చాలామంది చూడకుండా దాటేస్తారు. ద్రోణుడు అర్జునుడికి బ్రహ్మశిరమనే అస్త్రం ఇచ్చి, బంధువులందరి ముందు దక్షిణ అడుగుతాడు. యుద్ధంలో నేను నీతో పోరాడితే నువ్వు నాకు ఎదురు పోరాడాలి. ఇదీ ఆయన అడిగిన దక్షిణ. అర్జునుడు పాదాలు పట్టుకుని ఒప్పుకున్నాడు. అంటే గురువుకు ఎదురు నిలవడం గురువు ఆజ్ఞ పాటించడమే. ఇలాంటి మెలిక మీ కథలో ఒకటి పెట్టగలిగితే, శిష్యుడు పోరాడినా తప్పే, మానినా తప్పే అవుతుంది. అక్కడి నుంచి మీరు కష్టపడి టెన్షన్ తేనక్కర్లేదు.

కురుక్షేత్రంలో ఇదే మనిషి విల్లు కింద పడేశాడు. పూజించవలసిన భీష్మద్రోణుల మీద బాణాలు ఎలా వేస్తాను, గురువుల్ని చంపడం కంటే బిచ్చమెత్తుకు తినడం మేలు అన్నాడు. విరాటనగరం దగ్గర ఇంత తడబాటు లేదు, ఎందుకని? అక్కడ పందెం ఆవులు. గురువును ప్రాణాలతో పంపి కూడా గెలవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. మీ సన్నివేశంలో కూడా పందెం ఏమిటో ముందు తేల్చుకోండి. అదే ఇద్దరు మనుషులు, పందెం మారగానే వేరే మనుషులవుతారు.

పద్నాలుగో రోజు సైంధవుణ్ని చంపడానికి పోతున్న అర్జునుడికి వ్యూహం ముఖద్వారంలో ద్రోణుడు అడ్డం నిలుస్తాడు. కాసేపు పోరాడి, ఆయనకు ప్రదక్షిణం చేసి పక్కనుంచి వెళ్లిపోతాడు. శత్రువును గెలవకుండా వెళ్లిపోతావా అని ద్రోణుడు వెనక నుంచి అడిగితే, మీరు నాకు గురువు, శత్రువు కాదు, నేను మీకు కొడుకులాంటి శిష్యుణ్ని అంటాడు. ఇంత సూటి మాట ఇక్కడ ఎందుకు పండింది? అప్పటికే రథం దాటిపోయింది కాబట్టి. పని అయ్యాక చెప్పిన మాట కాబట్టి. డైలాగు మీకు ఎంత ఇష్టమైనా పని ముందు పెట్టకండి, వెనక పెట్టండి.

పదిహేనో రోజు సంగతి మీరే చదువుకోండి. అశ్వత్థామ చనిపోయాడన్న అబద్ధం అర్జునుడికి నచ్చలేదనీ, ఆచార్యుణ్ని చంపొద్దు, ప్రాణాలతో తీసుకురండని అతను అరిచాడనీ మాత్రం గుర్తుపెట్టుకోండి. ధృష్టద్యుమ్నుడు వినలేదు.

అందరు శిష్యులూ ఇలాగే ఉండాలని లేదు. ఉద్యోగపర్వంలో అంబ కోసం పరశురాముడు భీష్ముడితో యుద్ధానికి వస్తాడు. భీష్ముడు ముందు పాదాలకు మొక్కి అనుమతి అడుగుతాడు, తర్వాత రోజుల తరబడి తగ్గకుండా పోరాడతాడు. మంచీచెడూ మరిచి పొగరుపట్టిన గురువును దండించవచ్చన్నది అతని వాదం. ఆ శిష్యుడికి పోరాడాలని ఉంది, దాచుకోడు కూడా. అయితే భీష్ముడు అప్పటికి ఎవరి చేతిలోనూ ఓడి ఏమీ పోగొట్టుకోలేదు. నిండుగా ఉన్న వీరుడు గురువుతో వాదం గెలవాలనుకుంటాడు. పడిపోయి లేచినవాడికి గురువు గుర్తించడం కావాలి. ఈ తేడా మీ పాత్రకు పెట్టి చూడండి.

ఇక మన కాలంలోకి తెచ్చి రాద్దాం. ఒక జిల్లా కోర్టు. ఒకప్పుడు మంచి పేరున్న లాయరు, క్లయింటు డబ్బు వాడుకున్నాడన్న నింద పడి ఏళ్ల తరబడి కోర్టుకు దూరమయ్యాడు. ఆ రోజుల్లో అతని సీనియర్ అతని తరఫున నోరు విప్పలేదు. ఇప్పుడు తిరిగి వచ్చాక మొదటి కేసులోనే ఎదుటి పక్షం వకాల్తా ఆ సీనియర్‌ది.

"సార్, మీ మీద వాదించాలని నాకు లేదు" అని మొదలుపెడితే కథ అక్కడే ఆగిపోతుంది. ఇలా రాసి చూడండి:

"సీనియర్ గారు లోపలికి రాగానే అతను లేచి నిలబడ్డాడు. అప్పటికే కూర్చున్న తన క్లయింటు అయోమయంగా చూశాడు. కాగితాల కట్టలోంచి ఎదుటి పక్షానికి ఇవ్వవలసిన కాపీ తీసి బెంచ్ క్లర్క్‌కు ఇస్తూ, 'పెద్దక్షరాల్లో కొట్టించాను, సార్‌కి చిన్నవి కనిపించవు' అన్నాడు. సీనియర్ కళ్లజోడు సవరించుకుని మొదటి పేజీ చూశారు. మూడో పేజీకి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. ఆ పేజీలో ఉన్నది ఆయన సాక్షిని కూలదోసే ప్రశ్న. దాన్ని ఎలా అడగాలో ఇరవై ఏళ్ల కిందట తన ఆఫీసులో ఆయనే నేర్పారు."

పెద్దక్షరాలు పాదాల దగ్గర పడ్డ బాణాలు. మూడో పేజీ చెవి పక్కనుంచి పోయిన బాణం. మూడో మనిషితో మాట బెంచ్ క్లర్క్‌తో జరిగింది. సీనియర్ మౌనం గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మిగతా సన్నివేశంలో అది ఏదో ఒక సాకుతో బయటికి రావాలి. ఆ సాకు ఏమిటన్నదే మీ ఈ వారం పని.

రెండు పేజీలు మించకుండా రాయండి. కోర్టు నచ్చకపోతే కబడ్డీ కోచ్‌ను పెట్టుకోండి, మృదంగం నేర్పిన గురువును పెట్టుకోండి. రాయబోయే ముందు వేరే కాగితం మీద శిష్యుడికి రావలసినదేమిటో ఒక వాక్యం, బాకీ ఉన్నదేమిటో ఒక వాక్యం రాసుకోండి. ఆ రెండు వాక్యాలూ కథలో ఎక్కడా కనిపించకూడదు. రాశాక, శిష్యుడు గురువుతో నేరుగా అన్న ప్రతి మాట కింద గీత గీయండి. మూడు గీతలు దాటితే మొదటివాటిని కొట్టేసి మళ్లీ చదవండి.

వచ్చే పాఠంలో ఇదే సన్నివేశాన్ని గురువు వైపు నుంచి రాస్తాం. దానికి ముందుగా భీష్మపర్వం మొదట్లో, యుద్ధానికి అనుమతి అడగడానికి వచ్చిన ధర్మరాజుకు ద్రోణుడు తనను ఎలా చంపవచ్చో తానే చెప్పే చోటు చదివి ఉంచండి.